కొత్త కంప్యూటర్‌లో పాత ఎక్స్‌పీ: పేజ్‌మేకర్ పని ఆగకుండా చూసుకోవడం ఎలా

తెలుగు డీటీపీ పని (కంప్యూటర్ మీద పుస్తకాల పేజీలు కూర్చడం) జరిగే చాలా చోట్ల ఇప్పటికీ ఒక పాత కంప్యూటర్‌ను కొత్తవాళ్ళెవరూ ముట్టుకోకుండా కాపాడుకుంటూ ఉంటారు. అందులో విండోస్ ఎక్స్‌పీ, దాని మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, తెలుగు టైపు చేయడానికి అను స్క్రిప్ట్ మేనేజర్ ఉంటాయి. ఏళ్ళ తరబడి కూర్చిన శుభలేఖలు, సావనీర్లు, కవితా సంపుటాలు, బడి పుస్తకాలు అన్నీ ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉంటాయి. ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పేజ్‌మేకర్ 7 కూడా 2001 నాటిదే, ఆ తరువాత అడోబీ దానికి మరో ప్రధాన వెర్షన్ తీసుకురాలేదు. సాఫ్ట్‌వేర్ అలాగే ఉన్నా కంప్యూటర్ అంతకాలం నిలవదు. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బుతాయి, డిస్క్ టకటకమని చప్పుడు చేయడం మొదలుపెడుతుంది, ఒకరోజు పొద్దున స్విచ్ వేస్తే తెర వెలగదు. కొత్తది కొంటే అందులో విండోస్ 11 వస్తుంది. ఆ కొత్త కంప్యూటర్ మీదనే పాత ఎక్స్‌పీని, అందులోని పనిని ఉన్నదున్నట్టు నడుపుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

అంతా యూనికోడ్‌కు, అంటే తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్న పద్ధతికి, మార్చుకుంటే పోదా అని అడిగేవారు ఉంటారు. కొత్తగా మొదలుపెట్టే పనికి అదే సరైన దారి, అందులో నాకు సందేహం లేదు. చిక్కంతా పాత ఫైళ్ళతోనే. అను లాంటి ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరానికంటూ సొంత స్థానం ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లోనే తలకట్లను, గుడులను, కొమ్ములను, ఒత్తులను ముక్కలు ముక్కలుగా అమర్చారు. అందుకే ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే పేరా పేరా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనబడుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ అవి పాఠాన్ని మాత్రమే మారుస్తాయి, పేజీ కూర్పును మార్చలేవు. పాఠంలోనూ సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతుంటాయి. నాలుగు వందల పేజీల పుస్తకాన్ని మలి ముద్రణకు ఇవ్వవలసి వచ్చి, అందులో ఆరు అచ్చుతప్పులు దిద్దడమే పని అయినప్పుడు, దాన్ని మొత్తం మళ్ళీ కూర్చి మళ్ళీ ప్రూఫులు చూడమనడం న్యాయం కాదు.

ఎక్స్‌పీ దాకా వెళ్ళే ముందు ఒక గంట కేటాయించి, పేజ్‌మేకర్‌ను నేరుగా కొత్త విండోస్‌లోనే వేసి చూడండి. అది 32 బిట్ల ప్రోగ్రాము కాబట్టి 64 బిట్ల విండోస్‌లో నడిచే అవకాశం ఉంది. ప్రోగ్రాము గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ పేజీలో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3ను ఎంచుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. అదే కాలపు మరికొన్ని ప్రోగ్రాములు మాత్రం 32 బిట్లవే అయినా వాటి ఇన్‌స్టాలర్ 16 బిట్లది, అలాంటిది 64 బిట్ల విండోస్‌లో సాధారణంగా తెరుచుకోదు. పేజ్‌మేకర్ తెరుచుకున్నా పాత ఫైళ్ళు సరిగ్గా రావాలి, తెలుగు టైపు కావాలి, ప్రింటు తేడా లేకుండా పడాలి. వారం రోజులు నిజమైన పని చేసి, ఈ మూడూ నిలిస్తే మీకు ఇక్కడితో పని అయిపోయినట్టే. నిలవకపోతే ముందుకు సాగండి.

ఇక్కడ చాలామంది చేసే మొదటి పని, ఎక్స్‌పీ సీడీని తెచ్చి కొత్త కంప్యూటర్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేయబోవడం. దానికి రోజులు పోయడం తప్ప ఫలితం ఉండదు. 32 బిట్ల ఎక్స్‌పీ, కంప్యూటర్‌ను లేపే పాత బయోస్ పద్ధతిలోనే లేస్తుంది, కొత్తదైన యూఈఎఫ్ఐ పద్ధతి దానికి తెలియదు. జీపీటీ అనే కొత్త పద్ధతిలో విభజించిన డిస్క్‌ను అది చదవనైనా చదవలేదు. సాటా రకం డిస్క్‌లు ఏహెచ్‌సీఐ అనే విధానంలో ఉంటే వాటికి సీడీలో డ్రైవర్ ఉండదు కనుక, ఇన్‌స్టాలేషన్ నడుమ చివర 7బి అని ముగిసే స్టాప్ సందేశంతో నీలితెర వస్తుంది. దాన్ని ఎలాగో దాటినా, కొత్త బోర్డుల్లో విద్యుత్తును, పరికరాలను చూసుకునే ఏసీపీఐ ఎక్స్‌పీకి అర్థం కాక చివర ఏ5 ఉన్న మరో నీలితెర రావచ్చు. అదీ దాటితే గ్రాఫిక్స్‌కు డ్రైవర్ ఉండదు. ఎనిమిది జీబీల ర్యామ్ ఉన్నా ఎక్స్‌పీ మూడున్నర జీబీలకు మించి వాడుకోలేదు. ఇంత ఖర్చు పెట్టి కొన్న యంత్రాన్ని ఇలా చేయడం నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి ఎక్స్‌పీకి కావలసిన పాత కంప్యూటర్‌ను కొత్త కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోనే నిర్మించి ఇవ్వాలి. వర్చువల్ మెషిన్ అంటే అదే. ఆ లోపలి కంప్యూటర్‌లో డిస్క్ కంట్రోలరు, నెట్‌వర్క్ కార్డు, తెర అన్నీ ఎక్స్‌పీకి తెలిసినవే కనిపిస్తాయి. అందుకు నేను వాడేది వర్చువల్‌బాక్స్. దాని మూల ప్యాకేజీ ఉచితం, విండోస్ మీదా లైనక్స్ మీదా నడుస్తుంది.

మొదట పాత డిస్క్ నకలు

వర్చువల్ మెషిన్ కట్టడానికి ముందే పాత కంప్యూటర్ డిస్క్‌కు నకలు తీయండి. నేనొకసారి దీన్ని వాయిదా వేశాను. వచ్చే వారం తీద్దామనుకున్న డిస్క్ ఆ వారంలోనే పోయింది. దానితో పాటు ఒక గ్రంథాలయ సంఘం సావనీరు కూర్పు మొత్తం పోయింది, అచ్చయిన ప్రతిని చూసి మళ్ళీ టైపు చేయవలసి వచ్చింది. అందుకే ఈ మాటను ముందు చెబుతున్నాను.

పాత కంప్యూటర్ ఇంకా లేస్తూ ఉంటే, డిస్క్ విప్పే ముందు ఒక చిన్న మార్పు చేయాలి. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ (డిస్క్‌ను బోర్డుకు కలిపే పాత పద్ధతి) కంట్రోలర్ల పట్టికలో ఆ బోర్డు తయారీదారు పేరుతో ఉన్న డ్రైవర్‌ను తీసి, స్టాండర్డ్ డ్యూయల్ చానల్ పీసీఐ ఐడీఈ కంట్రోలర్ అనే సాధారణ డ్రైవర్‌ను పెట్టి, మళ్ళీ స్టార్ట్ చేయకుండా ఆపేయండి. వర్చువల్ మెషిన్‌లో కంట్రోలరు వేరే ఉంటుంది కనుక, ఈ మార్పు చేయకపోతే లోపల లేవగానే 7బి నీలితెర ఎదురవుతుంది. ఆ తరువాత డిస్క్‌ను బయటకు తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించి, పెన్‌డ్రైవ్ నుంచి లేచే లైనక్స్‌తో డిస్క్ మొత్తాన్ని మొదటి సెక్టార్ నుంచి చివరి దాకా ఒకే ఇమేజ్ ఫైలుగా తీయండి. డిస్క్ చప్పుడు చేస్తూ ఉంటే మామూలు కాపీ సాధనం వద్దు. డీడీరెస్క్యూ అనే సాధనం చదవగలిగినదంతా ముందు చదివేసి, మొరాయించే చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌తో ఆ క్రమమే ముఖ్యం. ఇలా వచ్చిన ఇమేజ్‌ను వర్చువల్‌బాక్స్‌తో వచ్చే వీబాక్స్‌మేనేజ్ అనే సాధనం ద్వారా దాని సొంత వీడీఐ రకం డిస్క్‌గా మార్చుకోవచ్చు.

పాత ఎక్స్‌పీని ఈ నకలు నుంచే లేపవచ్చు, లేదా కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుని నకలు నుంచి ఫైళ్ళు మాత్రం తెచ్చుకోవచ్చు. సీడీలు, కీలు చేతిలో ఉంటే రెండోదే మంచిదని నా అభిప్రాయం. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్త, వైరస్‌లు కొత్త ఇంట్లోకి రాకుండా ఉంటాయి. అయితే లైసెన్సు విషయం చూసుకోవాలి. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ కంప్యూటర్‌కే చెందుతుంది, విడిగా పెట్టెతో కొన్న లైసెన్సునైతే మరో కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు.

లోపలి కంప్యూటర్‌ను కట్టడం

కొత్త కంప్యూటర్ బయోస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. ఇంటెల్ బోర్డుల్లో ఇది వర్చువలైజేషన్ టెక్నాలజీ పేరుతోనూ, ఏఎండీ బోర్డుల్లో ఎక్కువగా ఎస్‌వీఎం మోడ్ పేరుతోనూ ఉంటుంది. ఆ తరువాత వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషిన్ సృష్టించి, రకం దగ్గర విండోస్ ఎక్స్‌పీ 32 బిట్ అని ఎంచుకోండి. దానంతట అదే ఇన్‌స్టాల్ చేసే సదుపాయం చూపిస్తే వద్దనండి, ప్రతి మెట్టూ మన కళ్ళముందు జరగడమే మేలు. ర్యామ్ 1024 ఎంబీ చాలు, ప్రాసెసర్ ఒకటి చాలు. డిస్క్ 40 జీబీ ఇవ్వండి, డైనమిక్ రకం ఎంచుకుంటే వాడినంత మేరకే అసలు డిస్క్‌లో చోటు తీసుకుంటుంది. స్టోరేజ్ పేజీలో డిస్క్ ఐడీఈ కంట్రోలర్ కిందనే ఉందని నిర్ధారించుకోండి, సాటా కింద పెడితే పైన చెప్పిన నీలితెరే ఇక్కడా వస్తుంది. పాత డిస్క్ నకలు నుంచి లేపుతున్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి: పాత యంత్రంలో ఒకటికి మించి కోర్లు ఉండి ఉంటే సిస్టమ్ పేజీలో ఐఓ ఏపిక్ అనే గడిలో టిక్ పెట్టాలి, లేకపోతే ఎక్స్‌పీ లోపల లేవదు.

సీడీ డ్రైవ్ లేని కొత్త కంప్యూటరైతే, ఎక్స్‌పీ సీడీని మరెక్కడైనా ఐఎస్ఓ ఫైలుగా (సీడీ మొత్తానికి నకలు) చేసుకుని వచ్చి దాన్ని తగిలించండి. ఇన్‌స్టాలేషన్ మనకు తెలిసిన ఆ నీలం తెరతోనే మొదలవుతుంది. అడుగున ఎఫ్6 నొక్కమని కనబడే సందేశాన్ని పట్టించుకోనక్కరలేదు, ఎందుకంటే వేరే డిస్క్ డ్రైవర్ ఏదీ ఇవ్వవలసిన పని లేదు. ఒప్పంద పత్రం దగ్గర ఎఫ్8 నొక్కి ముందుకు సాగండి. మౌస్ లోపలే చిక్కుకున్నట్టు అనిపిస్తే కీబోర్డు కుడివైపు కంట్రోల్ కీ నొక్కితే బయటకు వస్తుంది. ఇన్‌స్టాలేషన్ ముగిశాక సర్వీస్ ప్యాక్ 3 వేసి, డివైసెస్ మెనూలోని గెస్ట్ అడిషన్స్ అనే డ్రైవర్ల కట్టను ఎక్కించండి. అంతవరకు చిన్న గడిలా ఉన్న ఎక్స్‌పీ తెర అప్పుడు కిటికీని సాగదీసినంత మేర విస్తరిస్తుంది.

నడక మరీ మందంగా ఉంటే కిటికీ అడుగున కుడివైపు చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, బయటి విండోస్‌లోని హైపర్ వీ (మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషిన్ సాధనం) వర్చువలైజేషన్‌ను ముందే తన చేతిలోకి తీసుకుందని అర్థం. విండోస్ ఫీచర్ల పట్టికలో హైపర్ వీని తీసేస్తే కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటెగ్రిటీని కూడా ఆపవలసి వస్తుంది. రెండోది రక్షణను తగ్గించే పని. పేజ్‌మేకర్ వేగం సరిపోతూ ఉంటే తాబేలును అలాగే ఉండనివ్వండి.

ఫైళ్ళు పెట్టుకోవడంలో ఒక సూక్ష్మం ఉంది. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను పేజీలో దాచుకోకుండా అవి ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో గుర్తుంచుకుని అక్కడికి లంకె వేసుకుంటుంది. పాత కంప్యూటర్‌లో పని అంతా డి డ్రైవ్‌లో ఉండి, ఇక్కడ సి డ్రైవ్‌లో పెడితే, ఫైలు తెరిచిన ప్రతిసారీ బొమ్మ ఎక్కడుందని అడుగుతూనే ఉంటుంది. అందువల్ల వర్చువల్ మెషిన్‌కు రెండో డిస్క్ జోడించి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీడీ డ్రైవ్ అక్షరాన్ని వెనక్కి జరిపి, ఆ కొత్త డిస్క్‌కే డి అని పేరు పెట్టి, ఫోల్డర్లను అవే పేర్లతో అందులోకి తెచ్చుకోండి. బయటి కంప్యూటర్‌కూ లోపలి కంప్యూటర్‌కూ మధ్య ఫైళ్ళు అటూ ఇటూ పంపడానికి షేర్డ్ ఫోల్డర్ ఒకటి చాలు, ఆటో మౌంట్ ఎంచుకుంటే అది మై కంప్యూటర్‌లో మరో డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఆ ఫోల్డర్‌ను ఇచ్చిపుచ్చుకోవడానికే వాడండి. పేజ్‌మేకర్ ఫైలును మాత్రం డి డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే తెరవండి.

తెలుగు టైపింగ్ గురించి భయపడుతూ అడిగేవారు ఎక్కువ. అను స్క్రిప్ట్ మేనేజర్ ఎక్స్‌పీ లోపలే ఉండాలి, బయట అక్కరలేదు. కీబోర్డు నుంచి లోపలికి వెళ్ళేది అక్షరం కాదు, ఏ కీ నొక్కారన్న సంకేతం మాత్రమే. కాబట్టి బయట విండోస్‌లో ఏ భాష కీబోర్డు పెట్టుకున్నా, లోపల తెలుగుకు యాపిల్ అనే కీబోర్డు లేఔట్ ఎంచుకుని ఉంటే అదే పనిచేస్తుంది. ఇరవై ఏళ్ళుగా వేళ్ళకు అలవాటైన చోటే ప్రతి ఒత్తూ దొరుకుతుంది. హార్డ్‌వేర్ లాక్ (తగిలిస్తేనే ప్రోగ్రాము నడిచే చిన్న పరికరం) ఉన్న ప్యాకేజీల సంగతి వేరు. యూఎస్‌బీ లాక్ అయితే దాన్ని సెట్టింగుల్లో లోపలి కంప్యూటర్‌కు అప్పగించవచ్చు, కంట్రోలర్ దగ్గర మాత్రం యూఎస్‌బీ 2.0 ఎంచుకోవాలి, ఎందుకంటే 3.0కు ఎక్స్‌పీలో డ్రైవర్ లేదు. పాత ప్యారలల్ పోర్టుకు తగిలించే లాక్ అయితే, బజారులో దొరికే యూఎస్‌బీ ప్రింటర్ కేబుళ్ళు పనికిరావు. అవి ప్రింటర్‌తో మాట్లాడడానికే తయారైనవి, లాక్ వెతికే చిరునామాలో కనబడవు. అలాంటప్పుడు లాక్‌ను యూఎస్‌బీకి మార్చి ఇవ్వమని తయారీదారును అడగండి, లేదంటే ఆ ఒక్క పనికి పాత యంత్రాన్నే ఉంచుకోండి.

ప్రింటు, నెట్

కొత్త ప్రింటర్లకు ఎక్స్‌పీ డ్రైవర్లు దొరకడం కష్టం, వాటికోసం వెతకనూ వద్దు. లోపల పీడీఎఫ్ చేసి, షేర్డ్ ఫోల్డర్ ద్వారా బయటకు తెచ్చి, బయటి విండోస్ నుంచి ప్రింటు ఇవ్వండి. పేజ్‌మేకర్ 7తో పాటే పీడీఎఫ్ తయారుచేసే అక్రోబాట్ డిస్టిల్లర్ వచ్చేది, కాబట్టి అందుకు కావలసింది చాలామంది దగ్గర ముందే ఉంటుంది. ప్రింట్ డైలాగులో పోస్ట్‌స్క్రిప్ట్‌ను (పేజీని ప్రింటర్‌కు వర్ణించే భాష) ఫైలుగా రాయమని చెప్పి, ఆ ఫైలును డిస్టిల్లర్‌కు ఇవ్వాలి. ఇక్కడ తప్పక చూడవలసింది డిస్టిల్లర్ సెట్టింగుల్లో ఫాంట్లన్నీ ఫైలులోనే ఎంబెడ్ చేయమన్న గడి. అది వదిలేస్తే పీడీఎఫ్ ఎక్స్‌పీలో చక్కగా తెలుగులో కనబడుతుంది, ప్రెస్సుకు వెళ్ళాక మాత్రం పెళ్ళికూతురి పేరు ఉండవలసిన చోట ఇంగ్లీషు గుర్తులు పడతాయి.

ఎక్స్‌పీని ఇంటర్నెట్‌కు కలపకండి. 2017 మే నెలలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై దాడి జరిగినప్పుడు ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లకు తాళం పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని వాటిలో ఉన్నాయి. అప్పటికే మూడేళ్ళ కింద మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఒక సవరణ విడుదల చేయవలసి వచ్చింది. ఆ తరువాత బయటపడిన లోపాలు ఎన్నో పూడకుండానే ఉన్నాయి. నెట్‌వర్క్ పేజీలో నాట్ అటాచ్డ్ అని ఎంచుకుంటే చాలు, మెయిల్, వాట్సాప్ అన్నీ బయటి విండోస్‌లో చూసుకోవచ్చు. షేర్డ్ ఫోల్డర్‌కు నెట్ అవసరం లేదు.

అంతా సిద్ధమయ్యాక, మొదటి పని ముట్టుకోకముందే ఒక స్నాప్‌షాట్ తీయండి. ఏదైనా పాడైతే అరనిమిషంలో ఈ స్థితికి తిరిగి రావచ్చు. కానీ స్నాప్‌షాట్ అదే డిస్క్‌లో ఉంటుంది గనుక దాన్ని బ్యాకప్‌గా లెక్కించకూడదు. మెషిన్‌ను ఆపి, దాని ఫోల్డర్ మొత్తాన్ని వారానికోసారి బయటి డిస్క్‌కు కాపీ చేయండి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే: ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, ఫాంట్లు, సెట్టింగులు అన్నీ కలిపి ఒక ఫోల్డర్ అయిపోతాయి. రేపు ఈ కంప్యూటర్ పోయినా మరో దానిలో వర్చువల్‌బాక్స్ వేసి ఆ ఫోల్డర్‌ను తెరిస్తే మధ్యాహ్నానికల్లా పని మొదలవుతుంది.

వర్చువల్ మెషిన్ కుదరనప్పుడు

బోర్డులో గుచ్చే పాత కార్డుతో నడిచే యంత్రం ఏదైనా ఉంటే వర్చువల్ మెషిన్ దాన్ని అందుకోలేదు. అలాంటప్పుడు నేరుగా పాత విండోస్ వేయక తప్పదు. కార్డుకు విండోస్ 7 డ్రైవర్ ఉంటే ఎక్స్‌పీ కన్నా అదే వేయండి. 2020 జనవరి 14తో దాని మామూలు మద్దతు కూడా ముగిసింది కాబట్టి నెట్ నియమం దీనికీ వర్తిస్తుంది. బోర్డు కొనేటప్పుడే ఇంటెల్ ఆరో తరం దాకా ఉన్నది, బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతిలో లేవనిచ్చే సదుపాయం) ఉన్నది, పీఎస్2 పోర్టు (పాత గుండ్రటి కీబోర్డు పోర్టు) ఉన్నది చూసుకోండి. ఆరో తరం బోర్డుల్లో విండోస్ 7 ఇన్‌స్టాలర్ చక్కగా లేస్తుంది, భాష ఎంచుకోమంటుంది, అక్కడ మౌస్ కదలదు, కీబోర్డూ పలకదు. ఆ బోర్డుల్లో యూఎస్‌బీ పోర్టులన్నీ 3.0 కంట్రోలర్ కిందికి వెళ్ళిపోవడం, ఆ డ్రైవర్ విండోస్ 7లో లేకపోవడం దీనికి కారణం. పీఎస్2 కీబోర్డు తగిలిస్తే ఆ చిక్కు తీరుతుంది, తరువాత యూఎస్‌బీ డ్రైవర్లు ఎక్కించుకోవచ్చు. డిస్క్ విషయంలో ఎన్‌వీఎంఈ (కొత్త రకం వేగమైన ఎస్ఎస్‌డీ) వద్దు, దానికీ విండోస్ 7లో సొంత డ్రైవర్ లేదు, మామూలు సాటా ఎస్ఎస్‌డీ తీసుకోండి. సెక్యూర్ బూట్ ఆపాలి. అదే కంప్యూటర్‌లో విండోస్ 11 కూడా ఉంటే, బయోస్ ముట్టుకోకముందే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకోండి, ఇన్‌స్టాల్ చేసేంతసేపు విండోస్ 11 ఉన్న డిస్క్ కేబుల్ పీకేసి ఉంచండి.

ఏ దారిలో వెళ్ళినా, పాత కంప్యూటర్‌ను పక్కన పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. పాత యంత్రంలో ప్రింటు తీసిన పేజీ ఒకటి, అదే ఫైలు నుంచి కొత్తదానిలో తీసిన పేజీ ఒకటి తీసుకోండి. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘జ్ఞానం’, ‘రాష్ట్రం’ వంటి మాటలున్న పేజీ అయితే మంచిది, ఒత్తులు జారితే అక్కడే జారతాయి. రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో చూడండి. ప్రతి పంక్తీ అదే మాటతో ముగిసి, అక్షరం మీద అక్షరం సరిగ్గా కూర్చుంటే ఫాంట్లు, మార్జిన్లు అన్నీ సరిగ్గా వచ్చినట్టే. ఏ పంక్తి అయినా ఒక మాట కిందికి దిగితే, ఆ ఫాంటుకు మీ దగ్గర రెండు వెర్షన్లు ఉన్నాయేమో చూసి, పాత డిస్క్ నకలులోని ఫాంట్స్ ఫోల్డర్ నుంచి అసలు ఫైలును తెచ్చి వేసి, మళ్ళీ ప్రింటు తీయండి.